సుబ్బక్కకు పూచీ

మిల్లు మూసేస్తున్నామని చెప్పిన నోటితోనే, మీకు ఇంకోచోట పని దొరికేదాకా సాయం చేస్తామని కూడా చెప్పారు యజమానులు. కల్లూరు అవతలున్న ఆ నూలు మిల్లులో పనిచేసే ఆడవాళ్లు ఆ మాట విని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గిచ్చి జోలపాడటమంటే ఇదేనేమోనని అనుమానం. నిజం చెప్పాలంటే అందులో మోసమేమీ లేదు. యంత్రాలు ముసలివైపోయాయి, నూలు కొనేవాళ్లు తగ్గిపోయారు, మిల్లు పెట్టిన పెద్దాయన పోయాక కొడుకులు మూడేళ్లు ఈడ్చి ఈడ్చి చేతులెత్తేశారు. పోతూపోతూ హైదరాబాదు నుంచి ఒక సంస్థను మాట్లాడి, మూడు వారాలపాటు క్యాంటీన్లో ఉద్యోగాల పాఠాలు పెట్టించారు. పూర్వమైతే గేటుకు తాళం వేసి కాగితం అంటించి పోయేవాళ్లు. మర్యాదగా పొమ్మనడం కూడా ఒక విద్యే, అది మన కర్నూలుకు ఈమధ్యే వచ్చింది.

ఆ పాఠాలు చెప్పడానికి వచ్చిన పిల్ల పేరు శివజ్యోతి. డోన్ పిల్ల, తండ్రి రైల్వేలో చేస్తాడు. పాతికేళ్లుంటాయి. మెడలో కార్డు, చేతిలో ల్యాప్‌టాప్, నోట్లో మంచి మాట. మొదటిరోజే అందర్నీ అక్కా అని పిలిచి సగం మందిని తన వైపు తిప్పుకుంది. ముప్ఫై మంది ఆడవాళ్లు ఉగ్గాని ప్లేట్లు ముందు పెట్టుకుని, బడిపిల్లల్లా బల్లల వెంట కూర్చునేవాళ్లు. ఆమె ఒక్కొక్కరిని లేపి, మీ గురించి మీరు మూడు మంచి మాటలు చెప్పండి అనేది. లేచినవాళ్లు పైట సర్దుకుని, పక్కనున్నదాని భుజం గిల్లి, నవ్వి కూర్చునేవాళ్లు. మూడు కాదు గదా, ఒక్కటి కూడా రాలేదు.

“అడగందే అమ్మైనా పెట్టదక్కా. మీ సంగతి మీరు చెప్పుకోకపోతే వాళ్లకెట్లా తెలుస్తుంది?” అంది శివజ్యోతి.

“మాయమ్మ అడక్కుండానే పెట్టేది పాపా,” అంది వెనక బల్ల మీద నుంచి సుబ్బక్క. క్యాంటీనంతా గొల్లుమంది.

సుబ్బక్కకు నలభై తొమ్మిదేళ్లు. ఇరవై ఏడేళ్లుగా ఆ మిల్లులో కదుర్ల వరస చూస్తోంది. ఆ పనేమిటంటే, నూలు చుట్టుకుంటూ బారులుతీరి నిలబడ్డ కదుర్ల ముందు అటూ ఇటూ నడుస్తూ, ఎక్కడ పోగు తెగితే అక్కడ ఆగి అతకాలి. తిరిగే కదురును ఎడంచేత్తో ఆపి, కుడిచేతి వేళ్లతో కొస లాగి, పైనుంచి దిగుతున్న దూదికి తాకించాలి. చెప్పేలోపు అయిపోతుంది. అయితే రోజుకు కొన్ని వందలసార్లు చేయాలి. ఆమె భర్త అదే మిల్లులో దూది బేళ్లు దించేవాడు, పదేళ్ల కింద పోయాడు. కూతుర్ని ఆదోనికి ఇచ్చింది. ఇక మిగిలింది ఆమె, కల్లూరులో ఒక గది, ఈ మిల్లు.

మిల్లు మూసేస్తారని తెలిసిన రోజే ఊర్నుంచి మరిది గోపన్న ఫోన్ చేశాడు. పత్తికొండ దగ్గర వాళ్ల ఊరు. వచ్చేయమన్నాడు, టమాటా కోతలున్నాయి, ఇంత ముద్ద తినచ్చు అన్నాడు. మంచితనానికే అన్నాడు పాపం. సుబ్బక్కకు మాత్రం ఆ రాత్రి ముద్ద దిగలేదు. టమాటా కోయడం తప్పని కాదు, ఆకలికి భయపడీ కాదు. ఇరవై ఏడేళ్లు తెగినదాన్ని అతికిన వేళ్లు ఇక దేనికీ పనికిరావు అనుకుంటే ఆమెకు ఏడుపొచ్చింది. ఇంకో మిల్లు కావాలి ఆమెకు. మళ్లీ కదుర్ల ముందు నిలబడాలి. అంతకుమించి ఏ కోరికా లేదు.

మరి మూడు మంచి మాటలు చెప్పుకోవడానికేం రోగం అంటారా? ఆ మిల్లు పద్ధతి తెలియనివాళ్లే అట్లా అంటారు.

ఆ మిల్లులో ఎవరి గురించి వాళ్లు చెప్పుకునే ఆచారమే లేదు. కొత్తగా ఎవరైనా పనికి వస్తే, పాతవాళ్లలో ఒకరు పూచీ నిలబడాలి. అది పెద్దాయన ఉన్నప్పటి నుంచీ లేవి మేస్త్రీ నడిపిన పద్ధతి. లేవి మేస్త్రీ నిట్టనిలువుగా తాటిచెట్టంత మనిషి. ఆదివారం చర్చికి వేసుకున్న తెల్లచొక్కానే సోమవారం మిల్లుకూ వేసుకొచ్చేవాడు. కొత్తపిల్లను స్టూలు మీద కూర్చోబెట్టేవాడు, పూచీ ఉండే మనిషి పక్కన నిలబడాలి. నిలబడి ఆ పిల్ల మంచి ఒకటి, తప్పు ఒకటి చెప్పాలి. మంచి ఒక్కటే చెబితే ఒప్పుకునేవాడు కాదు. తప్పు లేని మనిషిని నేను యాడా చూడల్యా, తప్పు దాచినావంటే మంచి గూడా అబద్ధమే అనుకుంటా అనేవాడు.

సుబ్బక్కను తెచ్చింది ఆమె మేనత్త గిడ్డమ్మ. ఆ రోజు సుబ్బక్క ఇప్పటికీ మరిచిపోలేదు. నడిఎండాకాలం. ఊర్నుంచి బస్సులో వచ్చేసరికి నాలుక పిడచకట్టుకుపోయింది. గిడ్డమ్మ ఆమె చెయ్యి పట్టుకుని షెడ్డులోకి నడిపిస్తే, లోపల సన్నగా వాన పడుతోంది! నూలు తెగకుండా పైపుల్లోంచి గాలికి తేమ కొడతారని తర్వాత తెలిసింది గానీ, అప్పుడు మాత్రం ఇదేదో దేవలోకం అనుకుంది. చినుకు కోసం మూడేళ్లు మొగులుకేసి చూసిన ఊరు ఆమెది. మొహం పైకెత్తి, కళ్లు మూసుకుని, అట్లానే నిలబడిపోయింది. గిడ్డమ్మ నెత్తిన ఒకటి మొట్టి స్టూలు మీద కూర్చోబెట్టింది.

“ఇది మా సుబ్బక్క. దీని చేతులు ఊరికే ఉండవు. పొద్దున్నే మాత్రం లేవదు, తన్ని లేపల్ల. దీనికి నేను పూచీ,” అంది గిడ్డమ్మ. లేవి మేస్త్రీ నవ్వి, తన్నే పని నీదే మరి అని పేరు రాసుకున్నాడు. నిజంగానే గిడ్డమ్మ ఆరునెలలు తన్ని లేపింది. ఆమె పోయి పన్నెండేళ్లయింది. ఇప్పటికీ తెల్లవారుజాము షిఫ్టుకు లేచినప్పుడల్లా సుబ్బక్క నడుము తడుముకుంటుంది.

ఆ తర్వాత సుబ్బక్క కూడా ఎందరికో పూచీ నిలబడింది. నలభై మందికి తక్కువుండరు. ఇది చురుకైనది గానీ అబద్ధాలాడతాది, ఇది బంగారం గానీ అన్నానికి పోతే రాదు. అట్లా ఒక్కొక్కరి మంచీ చెడ్డా ఆమె నాలుక చివర ఉండేవి. తప్పు చెప్పించుకున్న ఆడపిల్లలెవరూ కోపం తెచ్చుకోలేదు. మన తప్పు తెలిసి కూడా పక్కన నిలబడేవాళ్లు ఎందరుంటారు చెప్పండి! ఎనిమిదేళ్ల కింద అట్లా తెచ్చిన పిల్లే జీవిత. చేతులు గాలికంటే వేగం, నోరు దురుసు అని చెప్పింది సుబ్బక్క. రెండూ నిజమే. జీవిత వరస సుబ్బక్క వరస పక్కనే. పొద్దస్తమానం ఇద్దరూ పోట్లాడుకుంటూ, ఒకే గిన్నెలో తింటూ ఎనిమిదేళ్లు గడిపారు.

ఇలాంటిచోటికి వచ్చి, మీ డప్పు మీరే కొట్టుకోండి అంటే ఏమవుతుంది? పైగా ఒకరోజు శివజ్యోతి ఇంకో పాఠం చెప్పింది. మీ లోపమేమిటని ఆఫీసర్లు అడుగుతారట. అప్పుడు లోపంలా కనిపించే మంచిగుణం ఒకటి చెప్పాలట. నాకు పని మొదలుపెడితే ఆపడం చేతకాదు సార్, అట్లాంటిదన్నమాట. ఆడవాళ్లు పడీపడీ నవ్వారు. సుబ్బక్కకు మాత్రం నవ్వు రాలేదు. తప్పును అట్లా ముస్తాబు చేసి చూపించడం లేవి మేస్త్రీ వినుంటే ఏమనేవాడో అని మనసులో మూలిగింది.

ఆమె మూలుగుకు ఇంకో కారణం కూడా ఉంది. సుబ్బక్కకు ఏడాదిగా చూపు ఆనడం లేదు. మొదట కంట్లో దూది పడిందనుకుంది. కడుక్కుంది, నులుముకుంది. పోలేదు. ఎడమకన్నుకు పూర్తిగా మసక, కుడికన్నుకు సగం. తెగిన పోగు దగ్గరికి పోతే తప్ప కనపడదు. కదుర్ల మీద చెయ్యి ఆనించుకుంటూ నడిచి, వేళ్లకు తగిలినచోట అతికేది. అట్లానే నెట్టుకొచ్చింది. చెప్తే పనిలోంచి తీసేస్తారన్న భయంతో ఎవరికీ చెప్పలేదు, కూతురికి కూడా. శివజ్యోతి ఆమె బయోడేటా తనే రాసిపెట్టి, ఆరోగ్యం బాగుందా అక్కా అని అడిగితే, సుబ్బక్క ఊ అనలేదు, ఊహూ అనలేదు. ఆ పిల్ల బాగుంది అని రాసేసుకుంది.

మూడోవారం శుక్రవారం నాడు కడప జిల్లా నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. మైదుకూరు అవతల కొత్తగా పెట్టిన నూలు మిల్లు తరఫున. హరినాథ్ అని, యాభై దాటిన మనిషి. ఉండటానికి హాస్టలు కూడా ఇస్తారట. పనికి కావలసింది పన్నెండుమంది, ఇక్కడున్నది ముప్ఫై. టైమ్ ఆఫీసు గదిలో కూర్చుని ఒక్కొక్కరినే పిలుస్తున్నాడు. సుబ్బక్క పేరు చివరిది.

పిలుపొచ్చేదాకా ఆమె షెడ్డులో కూర్చుంది. యంత్రాలు ఆపేసి వారమైంది. ఆ షెడ్డు నిశ్శబ్దంగా ఉండగా ఆమె ఎన్నడూ చూడలేదు. పండగలకు కూడా ఒక వరసైనా తిరుగుతూనే ఉండేది. పైపుల్లో తేమ కొట్టడం ఆపేశారు. నేల ఎండిపోయి, దూదిపీచు గోడవారన ఉండలుకట్టి పడుంది. ఎండాకాలం మధ్యాహ్నాలు ఈ గోడకానుకుని, తడిగాలి మీదికొస్తుంటే, గిడ్డమ్మ చెప్పిన బూతు సామెతలకు ఊపిరాడకుండా నవ్వుకున్నారు తామంతా. ఇంగ యాడుండాది ఆ వాన అనుకుంది. 

ఒక్క ధైర్యం మాత్రం ఉంది ఆమెకు. ఆ పాప ఎన్ని పాఠాలు చెప్పినా, లోపలికి పోయిన పిల్లలు తన మాట అనకుండా వస్తారా? అందరూ కాకున్నా జీవిత అంటుంది. సుబ్బక్క అని ఒకామె ఉండాది సార్ అంటుంది. అది చాలు. తను పోయి కూర్చునేసరికి తన పూచీ సగం అయిపోయి ఉంటుంది.

జీవిత బయటికి రాగానే సుబ్బక్క ఎదురుపోయింది. తీసుకున్నారట. సుబ్బక్క ఆ పిల్ల బుగ్గలు పుణికి, మెల్లగా అడిగింది.

“నా మాట చెప్పినావామ్మే?”

జీవిత నేలచూపులు చూసింది. “చెప్పల్యా అక్కా,” అంది. అంతే. ఇంకో మాట అనకుండా కొళాయి వైపు నడిచిపోయింది.

 దానికి నోరు దురుసు అనుకుంది సుబ్బక్క గానీ, ఆ నోరు ఇట్లా మూతపడుతుందని ఎన్నడూ అనుకోలేదు. ఎనిమిదేళ్లు! జీవితకు జ్వరమొస్తే తన వరసతోపాటు దాని వరస కూడా చూసిందే! ఏరు దాటాక తెప్ప తగలేయడమంటే ఇదే కదా. ఛీ, ఎవరికి ఎవరు అనుకుంది. కోపం వచ్చింది, దానికంటే ఎక్కువ దుఃఖం వచ్చింది. అప్పుడే లోపల్నుంచి ఆమె పేరు పిలిచారు.

హరినాథ్ మంచిగానే పలకరించాడు. కుర్చీ చూపించాడు. కాగితం చూసి, ఇరవై ఏడేళ్ల అనుభవమా అని కనుబొమలెత్తి, మీ గురించి చెప్పండమ్మా అన్నాడు. శివజ్యోతి నేర్పిన మూడు ముక్కలు ఉన్నపళంగా ఎగిరిపోయాయి. సుబ్బక్క నోరు తెరిచింది, మూసింది.  హరినాథ్ ఓపిగ్గా ఆగాడు, తర్వాత కాగితం తిరగేశాడు. ఇంకో నిమిషం పోతే ఆ కాగితం పక్కకు పోతుందని సుబ్బక్కకు అర్థమైంది. దాంతోపాటు కదుర్లూ పోతాయి.

ఆమె లేచింది. పోతోందనుకున్నాడు హరినాథ్. పోలేదు. కుర్చీ పక్కకు వచ్చి, చేతులు కట్టుకుని నిలబడి, ఆ ఖాళీ కుర్చీ వైపు చూపించింది.

“ఈమె పేరు సుబ్బక్క సార్. మాది పత్తికొండ పక్క. మా మిల్లులో ఎవురి సంగతి వాళ్లు చెప్పుకునేది లేదు. పక్కన ఒకరు నిలబడి చెప్పల్ల. ఈమెకు ఎవురూ రాల్యా. అందుకని నేనే నిలబడినా.”

హరినాథ్ కలం కిందపెట్టాడు. నవ్వు వినపడుతుందేమో అని ఆమె చెవులు రిక్కించింది. నవ్వలేదు. చెప్పమ్మా అన్నాడు.

మంచి చెప్పాలి ముందు. నలభై మందికి చెప్పిన నోరు, ఆ కుర్చీలో కూర్చున్నది తనే అనేసరికి తడబడింది. ఎంత ప్రయత్నించినా ఒక్క మాట రాలేదు. ఇక తప్పు మిగిలింది. చిన్న తప్పు ఏదైనా చెప్పచ్చు. నోరు ఎక్కువ అనచ్చు, మొండిది అనచ్చు. అవీ నిజాలే. అయితే అంతకంటే పెద్దది ఉన్నప్పుడు చిన్నది చెప్పడం దాచడమే అవుతుంది. ఆమెకు లేవి మేస్త్రీ తెల్లచొక్కా కళ్ల ముందు మెదిలింది.

“ఈమెకు చూపు ఆనదు సార్. ఏడాదాయ. ఎడంకన్ను పూరా మసక. నీకు మీసం ఉండాదో లేదో ఈడ్నుంచి చెప్పలేదు. చేతిగుర్తుతోనే పని చేస్తాంది. ఇది ఎవురికీ తెలీదు,” అని గబగబా చెప్పేసి, ఊపిరి పీల్చుకుంది.

 హరినాథ్ తన మీసం ఒకసారి తడుముకున్నాడు. చెప్పకపోతే నాకు తెలిసేది కాదు గదమ్మా అన్నాడు. ఆమె తల వంచుకుంది.  కంటిపొర అయితే తీయించుకోవచ్చు, అది పెద్ద సంగతి కాదన్నాడు. పదకొండుమందిని రాసుకున్నానని, పన్నెండో జాగా ఒక నెలపాటు ఖాళీగా ఉంచగలనని చెప్పాడు.

“కానీ ఎవరి కోసం ఉంచుతాండానో మా మిల్లులో నేను చెప్పుకోవల్ల గదా. తప్పు చెప్పినావు, బాగుంది. మంచి ఒకటి చెప్పు,” అన్నాడు.

 సుబ్బక్క తల అడ్డంగా ఊపి, నాకు తెలీదు సార్ అంది. అతను నిట్టూర్చి, కాగితం ఒక పక్కన పెట్టి, నేను బండెక్కేదాకా ఈడే ఉంటాను, గుర్తొస్తే రా అన్నాడు. ఆమె దండం పెట్టి బయటికొచ్చింది. గుర్తురావడానికి అదేమన్నా మరిచిపోయిన సామానా!

బయట శివజ్యోతి ఎదురొచ్చి ఏమైందక్కా అని అడిగింది. దాచడానికి ఇంకేం మిగల్లేదు గనక సుబ్బక్క అంతా చెప్పేసింది. కన్ను సంగతి వినగానే ఆ పిల్ల మొహం చిన్నబోయింది. బాగుంది అని రాసింది తనే కదా. చుట్టూ చేరిన ఆడవాళ్లు ముక్కు మీద వేలేసుకున్నారు. ఏడాదిగా చూపు లేకుండా ఎట్లా చేసినావే తల్లీ అని ఒకటే అడగడం.

“చేతిగుర్తు,” అంది సుబ్బక్క. ఆ మాటలో కొంచెం గర్వం కూడా ఉంది.

కొళాయి దగ్గరున్న జీవిత తడిచేతులతో అక్కడికొచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“నువ్వే చెప్పేసినావా?” అంది.

“నువ్వు చెప్పకుంటే నేను చెప్పుకోవల్ల గదా,” అంది సుబ్బక్క, మొహం తిప్పుకుని.

“నేనెట్ల చెప్పేది అక్కా? నీ పక్కన నిలబడితే మంచితోపాటు తప్పు గూడా చెప్పల్ల. నీ తప్పు నాకు తెలుసు.”

సుబ్బక్క ఇటు తిరిగింది.

“పోయిన ఉగాది నుంచీ తెలుసు. నువ్వు చెయ్యి ఆనించుకుంటా ఆ కొసకు పోయేలోపల ఈ కొసన ఎన్ని తెగుతాండెనో నువ్వు చూడల్యా. అవి అతికింది నేను. నీకు తెలిస్తే పని మానుకుంటావని, నువ్వు అటు తిరిగినప్పుడే అతుకుతాంటి.” జీవిత ముక్కు చీదుకుంది. “ఆ సారు ముందర నిలబడి కన్ను సంగతి చెప్తే నీ పని పోతాది. ఇంగో తప్పు అల్లి చెప్పేదానికి నాకు నోరు రాల్యా. దాన్నుంచే ఊరుకున్యా.”

 ఏడాదిగా సుబ్బక్క తన వేళ్లను చూసి తనే మురిసిపోతూ వచ్చింది, అందులో ఎన్ని ఈ పిల్ల వేళ్లో! ఇందాక ఎవరికి ఎవరు అనుకున్న తన నోట్లో మన్నుపోయ అనుకుంది. అంతలో ఇంకోటి గుర్తొచ్చి చప్పున వెనక్కి తిరిగింది. చేతిగుర్తుతో చేశానని ఆ సారుకు అబద్ధం చెప్పాను, పోయి దిద్దుకుని వస్తానంది. జీవిత ఆమె కొంగు పట్టుకుని ఆపింది.

“నువ్వు ఈడ నిలబడు. తప్పు నువ్వు చెప్పేసినావు గదా. ఇంగ మంచి నేను చెప్పొస్తా,” అంది.

చెప్పులు వాకిట్లో విడిచి లోపలికి పోయింది. హరినాథ్ కూర్చోమన్నట్టున్నాడు, కూర్చునేదానికి రాల్యా సార్ అనడం వినపడింది. ఆ పిల్ల గొంతు అసలే పెద్దది, గేటు దాకా వినిపిస్తుంది. సుబ్బక్క కొంగుతో మొహం కప్పుకుని, గోడకానుకుని, తన మంచి అంతా వింది.